ఎవరు లాగుతున్నారు?

ఇంటర్ మొదటి ఏడాదిలో చాలామందికి ఫిజిక్స్ మీద భయం పట్టుకునేది వృత్తాకార చలనం దగ్గరే. ఖమ్మం హాస్టళ్లలో తెల్లవారుజామున లేచి సూత్రం వల్లెవేస్తారు: వడి వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం. పరీక్షలో లెక్క కొంచెం మార్చి అడిగితే చెయ్యి ఆగిపోతుంది. "నాకు ఫిజిక్స్ రాదు" అని అక్కడితో తీర్మానించేసుకుంటారు. ఆ తీర్మానాన్ని నమ్మకండి. మీరు మార్చుకోవలసింది చదివే వరస.

సూత్రం కంటే ముందు ఊహించండి. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే వడిసెల మన పల్లెలకు కొత్త కాదు. అందులో రాయి పెట్టి తల చుట్టూ ఒకే వడితో తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి ఎటు పోతుంది? పుస్తకం మూసేసి, పైనుంచి చూస్తున్నట్టు బొమ్మ గీయండి. కొందరు కేంద్రం నుంచి బయటికి గీస్తారు, కొందరు ఇంకాస్త దూరం వంపుగా గీస్తారు. రెండూ తప్పే. వదిలిన క్షణంలో ఎటు కదులుతోందో అటే తిన్నగా, స్పర్శరేఖ వెంట పోతుంది. తప్పు గీశారని చిన్నబుచ్చుకోకండి. 1980లో అమెరికాలో మైఖేల్ మెక్‌క్లాస్కీ బృందం కాలేజీ విద్యార్థులకు వంపు తిరిగిన గొట్టం బొమ్మ ఇచ్చి, అందులోంచి బయటపడ్డ గోళీ దారి గీయమంది. బయటికొచ్చాక కూడా వంపుగానే పోతుందని గీసినవాళ్లు చాలామంది. వాళ్లలో ఫిజిక్స్ చదివినవాళ్లూ ఉన్నారు.

ఇక ప్రతి లెక్కనూ ఒకే ప్రశ్న అడగండి: ఇక్కడ ఎవరు లాగుతున్నారు? వడి మారకపోయినా దిశ మారుతోందంటే త్వరణం ఉన్నట్టే. త్వరణం ఉందంటే ఏదో ఒకటి కేంద్రం వైపు లాగుతోంది. వడిసెలలో తాడు, చంద్రుడి విషయంలో భూమి ఆకర్షణ, మలుపులో బస్సుకు రోడ్డు ఘర్షణ. అభికేంద్ర బలమని విడిగా ఇంకో బలం లేదు. ఆ పని చేసే బలానికే ఆ పేరు. తాడు తన్యతకు ఒక బాణం గీసి, పక్కనే అభికేంద్ర బలానికి మరో బాణం గీశారంటే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు. ఇది తేలిగ్గా తట్టే సంగతి కాదు. 1673లో వృత్తాకార చలనం మీద సిద్ధాంతాలు ప్రచురించిన శాస్త్రవేత్త హైగెన్స్ బయటికి నెట్టే బలం గురించే రాశాడు. లోపలికి లాగే బలంగా న్యూటన్ నిలబెట్టింది 1687లో.

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్‌లో బస్సెక్కితే మలుపుమలుపుకూ ఒళ్లు బయటివైపు ఒరుగుతుంది. మిమ్మల్ని ఎవరూ నెట్టలేదు. ఒళ్లు తిన్నగా పోబోతోంది, బస్సు తిరిగిపోతోంది. మలుపు వ్యాసార్ధం 25 మీటర్లు, బస్సు వడి గంటకు 36 కిలోమీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. త్వరణం 4 మీ/సె². వడిని సగం చేయండి, త్వరణం 2 కాదు, 1కి దిగుతుంది. తడి రోడ్డు మీద ఘర్షణ తగ్గినప్పుడు డ్రైవరన్న ముందే ఎందుకు నెమ్మదిస్తాడో ఈ అంకెల్లోనే ఉంది.

పాల్వంచలోని కేటీపీఎస్ విద్యుత్ కేంద్రాన్ని కూడా ఇలాగే చూడండి. మన ఇళ్లకు 50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే అక్కడి టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. ఇరుసుకు 1 మీటరు దూరంలో ఉన్న బ్లేడు ముక్క త్వరణం కట్టి చూడండి: గురుత్వ త్వరణానికి సుమారు 10,000 రెట్లు. ఎవరు లాగుతున్నారు? ఆ లోహం లోపలి పట్టే. నన్నడిగితే, ఈ ఒక్క లెక్క మీరే చేసుకోవడం పది బిట్లు బట్టీ పట్టడం కంటే మేలు.

ఈ రాత్రి హాస్టల్లో జూనియర్ తమ్ముడికో, చెల్లికో వడిసెల సంగతి సూత్రం వాడకుండా చెప్పండి. ఎక్కడ తడబడతారో, పుస్తకంలో సరిగ్గా ఆ పేరా దగ్గరికి వెళ్లి మళ్లీ చదవండి.