అన్నిటికీ ‘వేడి చేసింది’ అంటే ఎలా?

మూత్రానికి వెళ్లినప్పుడు కాస్త మంటనిపిస్తే మనం ముందు ఏం చేస్తాం? ‘వేడి చేసిందిలే’ అనుకుని గ్లాసుడు మజ్జిగ తాగి పనిలో పడిపోతాం. అమ్మకు చెబితే బార్లీ నీళ్లు కాచిస్తుంది. ఆయనకు చెప్పాలంటే మొహమాటం, డాక్టరుకు చెప్పాలంటే సిగ్గు. మనలో మనకు సిగ్గేమిటి? రండి, ఏది నిజంగా వేడో, ఏది కాదో ఇవాళ తేల్చేసుకుందాం.

ముందు రంగు సంగతి. లేత పసుపుగా ఉంటే నిశ్చింత. ముదురు పసుపుగా ఉందంటే నీళ్లు చాల్లేదని అర్థం. ఎండాకాలంలో ఇది మామూలే, నాలుగు గ్లాసుల నీళ్లు పడితే తేటపడుతుంది. బి-కాంప్లెక్స్ బిళ్ల వేసుకున్న రోజు మెరిసే పసుపు, బీట్‌రూట్ కూర తిన్న మర్నాడు ఎరుపు కనిపించినా కంగారు పడకండి. కానీ నీళ్లు బాగా తాగుతున్నా టీ డికాషన్ రంగులోనే వస్తూ, కళ్లు కూడా పచ్చబడితే అవి కామెర్లు కావచ్చు. పసరు కోసం ఊళ్లు తిరగొద్దు తల్లీ, ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

ఇక మంట. మాటిమాటికీ వెళ్లాలనిపించి, వెళ్తే నాలుగు చుక్కలే వస్తున్నాయా? అది ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. మన మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు దాదాపు 20. అందుకే క్రిములు మనలో ఇట్టే పైకి పాకేస్తాయి. దానికి తోడు బాత్రూమ్ బాగుండదని బస్సు ప్రయాణంలో, ఆఫీసులో నీళ్లు తాగడమే మానేస్తాం, వచ్చినా బిగబట్టుకుంటాం. ఇకనుంచి వద్దు. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లి తీరాలి. కడుక్కునేటప్పుడు ముందునుంచి వెనక్కే. భార్యాభర్తల కలయిక తర్వాత కూడా ఓసారి వెళ్లొస్తే మంచిది.

మంట తగ్గలేదా? మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేయకండి. మందు మొదలుపెట్టక ముందే మూత్రం పరీక్షకు ఇవ్వాలి. ల్యాబులో సీయూఈ అంటారు, ఖర్చు తక్కువే. మొదట కాస్త వదిలేసి, మధ్యలో వచ్చేది సీసాలో పట్టండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి తోడైతే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. కిడ్నీదాకా పాకిందేమో! కడుపుతో ఉన్నవాళ్లకైతే ఏ మంటా లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అది నెలలు నిండకముందే కాన్పుకు దారితీయవచ్చు. అందుకే డాక్టరు రాసిన మూత్రపరీక్షను ‘బాగానే ఉన్నానుగా’ అని వాయిదా వేయకండి.

నురగ చూసి భయపడేవాళ్లూ ఉంటారు. ధారగా పడినప్పుడు కాస్త వచ్చి పోతే ఏమీ కాదు. రోజూ నురగ తేలి, అలాగే నిలిచిపోతుంటే ప్రొటీన్ పోతోందేమో చూపించుకోవాలి. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో ఎంతోమందికి జబ్బు ముదిరాకే తెలిసింది. నొప్పి లేదు కదా అన్న ధీమా పనికిరాదమ్మా.

రాత్రి నాలుగైదుసార్లు లేస్తూ, దాహం కూడా తీరకపోతే షుగరు చూపించుకోండి. తుమ్మినా దగ్గినా చీర తడుస్తోందా? పిల్లల్ని కన్నాక ఇంతేలే అని సరిపెట్టుకోనక్కర్లేదు, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. బీట్‌రూట్ తినకుండానే ఎర్రగా వస్తే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే కనిపించి పోయినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, అరుదుగా మూత్రాశయంలో కణితీ కావచ్చు. ముట్లుడిగిన పెద్దవాళ్లు మళ్లీ నెలసరి వచ్చిందేమో అనుకుని ఊరుకుంటారు. అమ్మనూ అత్తయ్యనూ ఈ ఆదివారమే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగాక, సోమవారం పొద్దున్నే మీరే ల్యాబుకు తీసుకెళ్లండి. పనిలో పని, మీదీ ఇచ్చి రండి.