తుపాను కబురు రాకమునుపే

ఆశ్వయుజ కార్తిక మాసములు కోస్తా రైతునకు ఆశయు భయమును జంటగా వచ్చు దినములు. సార్వా వరి పొట్టకు వచ్చి, కొన్నిచోట్ల కంకి పసుపు తిరిగి, ఇంటిల్లిపాదియు కోతలకై ఎదురుచూచుచుందురు. సరిగా ఆ దినములలోనే బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుచుండును. ఏప్రిల్, మే నెలలలో గూడ తుపానులు వచ్చుట కలదు గాని, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల కాలమే మన తీరమునకు పెద్ద గండము.

1864 నవంబరు 1వ తేదీన బందరుపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు దివిసీమలో సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, సొర్లగొంది, హంసలదీవి మొదలగు గ్రామములను ముంచి, అనేక కిలోమీటర్ల దూరము లోపలికి వచ్చెను. ఆనాడు ప్రాణములు కోల్పోయినవారు ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది. పదమూడేండ్లు తిరుగకముందే, 1990 మే 9వ తేదీన, ఇంచుమించు ఆ ప్రాంతముననే, కృష్ణానది ముఖద్వారమునకు సమీపమున మరియొక తుపాను తీరము దాటినది. బలమున అది మొదటిదానికి తీసిపోవునది కాదు. అయినను మరణించినవారి సంఖ్య వేయికి లోపుగనే యుండెను.

ఈ వ్యత్యాసము గాలి దయ తలచుటవలన వచ్చినది కాదు. ఆ మధ్యకాలమున తీరమున తుపాను రక్షణభవనములు లేచినవి; లక్షలాది ప్రజలు ముందుగనే ఇండ్లు విడిచి కదలిరి. 1977లో హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని సముద్రము ఎంతెత్తున లేచునో, ఎంతదూరము వచ్చునో గ్రామస్థుల ఊహకు అందలేదు. కబురు ఒకటియే చాలదనియు, కబురు వచ్చిన గంటలో ఎవరేమి చేయవలెనో అంతకుముందే తేల్చుకొన్న ఊరికే అది అక్కరకు వచ్చుననియు చెప్పుట ఈ పాఠము ఉద్దేశము.

మొదట ఉప్పెన స్వభావమును గ్రహింపవలెను. తుపాను కేంద్రమున గాలి ఒత్తిడి తగ్గును. ఒత్తిడి ఒక్కొక్క మిల్లీబారు తగ్గినకొలది సముద్రమట్టము ఇంచుమించు ఒక్క సెంటిమీటరు పైకి లేచును. ఈ లెక్కన లేచునది రెండుమూడు అడుగులకు మించదు. అసలు ప్రమాదము గాలి వలన. చుట్టి చుట్టి వీచు ఆ గాలి లోతు తక్కువైన తీరప్రాంతపు నీటిని గట్టు మీదికి నెట్టును. క్రిందికి పోవుటకు తావులేని నీరు పైకి లేచి నేల మీదికి పొంగును. డెల్టా భూములు పళ్ళెము వలె చదునైనవి గనుక దానిని ఆపు అడ్డు ఉండదు. ఇది వరద వలె మెల్లమెల్లగా ఎక్కునది కాదు. పైగా రాత్రివేళ, హోరుగాలిలో, జడివానలో వచ్చినచో ఎటునుండి వచ్చుచున్నదో గూడ తెలియదు.

ఇచ్చట ఒక విషయము తప్పక గుర్తుంచుకొనదగినది. మన తీరమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా సుడి తిరుగును. అందువలన తుపాను తీరము దాటు చోటికి ఈశాన్యముగా నున్న ప్రాంతమున గాలి సముద్రమునుండి నేల వైపునకు వీచును. ఉప్పెన అచ్చటనే పోటెత్తును. నైరృతిగా నున్న ప్రాంతమున గాలి నేలనుండి సముద్రము వైపునకు పోవును. 1977లో తుపాను దాటినది చీరాల సమీపమున, మునిగినది దివిసీమ. కనుక దాటు చోటుగా పొరుగు జిల్లా పేరు వినబడినంత మాత్రమున "మనకు తప్పినది" అని ఊరట చెందుట పొరపాటు. ఆ ఊరు మనకు నైరృతి దిక్కున ఉన్నచో భయము మనకే ఎక్కువ.

వాతావరణశాఖ హెచ్చరికలు నాలుగు అంచెలుగా వెలువడును. సుమారు 72 గంటల ముందు అధికారులకు తొలి సూచన అందును. వాతావరణము చెడుటకు కనీసము 48 గంటల ముందు వచ్చునది పసుపురంగు హెచ్చరిక. 24 గంటల ముందు వచ్చునది నారింజరంగుది. తీరము దాటుటకు సుమారు 12 గంటల ముందు వచ్చునది ఎరుపు. ఓడరేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు వేరు. వానిలో 8, 9, 10 సంఖ్యలు మహాప్రమాదమునకు గురుతులు. 11వది హెచ్చరిక కేంద్రముతో సంబంధములు తెగిపోయినట్లు తెలుపును. మచిలీపట్నము, విశాఖపట్టణములలోని రాడారు కేంద్రములు తుపానును కనిపెట్టుచుండగా, నేడు రేడియో, టెలివిజను, సెల్‌ఫోను ద్వారా కబురు గడపలోనికే వచ్చుచున్నది.

ఇరువదినాలుగు గంటలనగా మిక్కిలి వ్యవధి యున్నట్లు తోచును. లెక్క వేసి చూడుడు. కబురు సాయంకాలము వచ్చినచో రాత్రి గడచిపోవును. చీకటిలో ముసలివారితో, పసిపిల్లలతో గట్ల వెంబడి నడువరాదు. తుపాను తీరము చేరుటకు ఎన్నో గంటల ముందే ఈదురుగాలులు మొదలై, చెట్లు కూలి, కరెంటు స్తంభములు ఒరిగి, బాటలు మూసుకొనును. రెండు చివరలను తీసివేసినచో మిగులునది ఒక్క పగలు, కొన్ని వేళల ఒక్క పూట. రక్షణభవనము 6 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొనుడు. ఆరోగ్యవంతుడు గంటంబావులో పోవును. కర్ర పట్టుకొని నడచు అవ్వతో, చంకన బిడ్డతో, బురదలో, గంటకు 2 కిలోమీటర్లు నడచిన గొప్ప. మూట సర్దుటకును పశువులను తోలుటకును పట్టు కాలము దీనికి కలుపుకొనవలెను. ఆ కాలము చేతిలో నుండగనే బయలుదేరవలయును. "చూచి పోదము" అనుకొన్నవారికి పోవు దారి మిగులదు. ఈ లెక్కను కాగితముపై వేయుట చాలదు. వర్షములు లేని ఒక ఆదివారమునాడు ఇంటివారందరు అవ్వను గూడ వెంటబెట్టుకొని ఆ దారిన నిజముగా నడచి, ఎంతసేపు పట్టినదో చూచుకొనవలెను. ఏ కల్వర్టు వద్ద నీరు నిలుచునో, ఎచ్చట ప్రక్కదారి కలదో అప్పుడే తెలియును.

హెచ్చరిక తెలిసియు జనులు కదలకుండుటకు కారణములు కొన్ని కలవు. వానిని మౌఢ్యమని తీసివేయుట న్యాయము కాదు. మొదటిది గొడ్డు. రెండు పాడిగేదెలే సర్వస్వమైన కుటుంబము వానిని విడిచి రాలేదు. కనుక పశువులను ఎచ్చటికి తోలవలెనో, ఊరికి దగ్గరగా మెరకనేల, ఎత్తైన రోడ్డుకట్ట ఎచ్చట కలదో ముందే చూచుకొని, మనుష్యులకంటె ముందుగా వానిని పంపవలయును. అది సాధ్యపడనిచో పలుపులు విప్పివేయుడు. విడిచిన గొడ్డు ఈది బ్రతికిన బ్రతుకును; గుంజకు కట్టినది ఎటును బ్రతుకదు.

రెండవది దొంగల భయము. ఆడవారిని, పిల్లలను పంపి, ఇంటికి కాపుగా ఒక మగవాడు నిలిచిపోవుట మన పల్లెలలో పెద్ద అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము. తాటాకు ఇంటికి గాని, రేకుల ఇంటికి గాని ఉప్పెనలో కాపు అనునది లేదు. నగలు, పట్టాదారు పాసుపుస్తకము, రేషనుకార్డు, ఆధారుకార్డు, బ్యాంకు పుస్తకము ఒక ప్లాస్టిక్కు సంచిలో మూతి బిగించి నడుమునకు కట్టుకొని పోవచ్చును. తక్కిన వస్తువులు అటకెక్కించి తలుపు తాళము వేయుడు. ఊరిపై కన్నువేసి యుండుటకు పంచాయతీవారు కొందరు యువకులను ఏర్పరచి, వారు గూడ ఒక నిర్ణీత వేళకు అందరును ఒక్కసారిగా బయలుదేరునట్లు చూడవలెను. ఏ ఒక్కరిని ఒంటరిగా విడువరాదు.

మూడవ కారణము మరింత లోతైనది. తుపానులు దారి మార్చుకొనును. పోయినసారి, అంతకుముందుసారి ఊరు ఖాళీచేసి పోగా చినుకైన పడలేదు. కూలి పోయినది, పాలు వృథా అయినవి. అట్టివాడు మూడవమారు కదలుటకు వెనుదీయుట మానవస్వభావము. అతనిని కసరిన లాభము లేదు. దారి మార్చుకొను గుణము తుపానుకు పుట్టుకతో వచ్చినది గనుక, పదిమార్లలో ఏది నిజమగునో ముందుగా ఎవరును చెప్పజాలరని విడమరచి చెప్పవలెను. పోయివచ్చిన ప్రతిమారును ఆ కుటుంబమునకు దారియు వేళయు మరికొంత అలవడును.

ఇంటిలో మూట ముందే సిద్ధముగా నుండవలెను: అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లము, మూత గల బిందెతో మంచినీరు, టార్చిలైటు, బ్యాటరీ రేడియో, ఒక జత పొడిబట్టలు. సెల్‌ఫోనును పూర్తిగా ఛార్జి చేసికొనవలయును. మధుమేహము, రక్తపోటు, మూర్ఛ గలవారి మందులు వారమునకు సరిపడ తీసికొనవలెను. ఇది మరచువారే ఎక్కువ. నెలలు నిండిన గర్భిణులను పసుపు హెచ్చరిక నాడే ఆసుపత్రి గల ఊరికి చేర్చుట మంచిది. బయలుదేరునప్పుడు కరెంటు మెయిను, గ్యాసు సిలిండరు కట్టివేయుడు. ఇంటిపై వ్రాలిన కొమ్మలను కొట్టుట, ముదురు కొబ్బరికాయలను దింపుట, రేకులను బిగించుట వేసవిలోనే చేసికొనదగిన పనులు. ఊడిన రేకు గాలిలో కత్తియే.

సముద్రముపై వేటకు పోవు మత్స్యకారుల సంగతి వేరు. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో సముద్రముపై నుండినవారు అనేకులు. వేటకు పోరాదని కబురు వచ్చిన తరువాత "ఒక్క వల వేసి వత్తము" అను మాట కూడదు. పడవ పోయిన వేళయు, అందున్నవారి పేర్లును ఒడ్డున ఎవరైన ఒకరు వ్రాసి యుంచవలెను.

ఇక పంచాయతీ పని. ప్రతి వాడలో ఎవరు నడువలేనివారు, ఎవరు కన్నులు కానరానివారు, ఎవరు ఒంటరివారు అను పట్టిక ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్తల సహాయముతో తయారు కావలెను. ఒక్కొక్కరిని తీసికొని వచ్చు బాధ్యత పేరుపేరున ఇద్దరు యువకులకు అప్పగింపవలెను. "అందరును చూచుకొందురు" అనినచో ఎవరును చూడరు. చాలచోట్ల దళితవాడలు, మత్స్యకారుల గుడిసెలు, కాలువగట్టున నివసించు యానాదుల ఇండ్లు పల్లపునేలలో ఊరికి ఎడముగా నున్నవి. నీరు మొదట చేరునది అచ్చటికే, కబురు చివరకు చేరునదియు అచ్చటికే. ఈ వరుస తారుమారు కావలెను: డప్పు మొదట అచ్చట మ్రోగవలెను, ట్రాక్టరు మొదట అచ్చటికి పోవలెను. రక్షణభవనమున అన్ని కులములవారికి ఒకే కప్పు, ఒకే బిందె. స్త్రీలకు మరుగుదొడ్డి, బిడ్డతల్లులకు ఒక మూల విడిగా ఏర్పరుపవలెను.

అన్నింటికంటె చిన్నవిషయము తాళపుచెవి. రక్షణభవనమును ఏడాది పొడవున బడిగానో, గిడ్డంగిగానో వాడుకొనుట తప్పుకాదు. కాని దాని తాళపుచెవి ఎవరివద్ద నుండునో, ఆ మనిషి ఊరిలో లేనప్పుడు రెండవది ఎవరివద్ద దొరకునో ఊరందరకు తెలిసి యుండవలెను. గాలివానలో రెండువందలమంది మెట్లపై నిలిచియుండగా తాళమునకై పరుగిడుట జరుగరాదు. పంచాయతీ గోడపై ఆ రెండు పేర్లను, రాష్ట్ర విపత్తు కేంద్రపు 1070, అత్యవసర సహాయపు 112 సంఖ్యలను రంగుతో వ్రాయించినచో అందరికి కనబడును.

భవనములో చేరిన తరువాత ఒక మోసము పొంచియుండును. హోరుగాలి చటుక్కున ఆగి, ఆకాశము తేటపడి, నిశ్శబ్దము కమ్మును. తుపాను పోయినదని తలచి గొడ్లను, ఇంటిని చూచుటకు బయటికి పోవువారు కలరు. అది తుపాను కన్ను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను కన్ను పైగా పోయినప్పుడు విశాఖపట్టణవాసులు ఈ నిశ్శబ్దమును ఎరిగిరి. కొంతసేపటికి గాలి అంతే బలముతో ఎదురుదిక్కునుండి విరుచుకుపడును. పోయినదని అధికారులు చెప్పువరకు గడప దాటరాదు.

తిరిగి వచ్చునప్పుడు తెగిన కరెంటుతీగలను తాకరాదు. గడ్డివాముల క్రింద, అటకలపై పాములు చేరియుండును. బావినీరు వెంటనే త్రాగరాదు. మురికినీరు చేరిన బావిని శుద్ధిచేయుటకు వేయి లీటర్లకు కనీసము 2.5 గ్రాముల మంచి బ్లీచింగుపొడి కావలెను. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీటిలోతు గల బావిలో సుమారు 9,400 లీటర్లుండును. అనగా 24 గ్రాములు. మురికి హెచ్చుగా నున్నచో మోతాదు పెరుగును గనుక ఆరోగ్యకార్యకర్త పరీక్షించి చెప్పినట్లు వేయుడు. పొడిని కొద్దినీటిలో కలిపి, సున్నము అడుగున దిగిన తరువాత పైతేటను మాత్రము బావిలో కలిపి, గంటసేపు ఆగవలెను. ఉప్పెననీరు దిగిన బావికి ఈ మందు చాలదు. క్రిములు చచ్చును గాని ఉప్పు పోదు. అట్టి ఊళ్ళకు బావి తిరిగి తియ్యబడువరకు ట్యాంకరు నీరే శరణ్యము. విరేచనములు పట్టుకొన్న పిల్లలకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచాపై గుట్టగా గాక సమముగా కొలిచి కలిపి, గ్రుక్కగ్రుక్కగా పట్టుచు ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవలెను.