ఆరంభశూరత్వం – అభ్యాసబలం

వ్యాయామం మేలని తెలియనివారు అరుదు. దానిని విడువక చేసేవారు మరీ అరుదు. తొలినాడే ఒళ్ళు హూనమయ్యేలా శ్రమించి, వారం తిరగకముందే మానివేయడం ఆరంభశూరుల లక్షణం. అతిశ్రమ హానికరమని ఎరిగిన సుశ్రుతసంహిత, బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని విధించింది.

ఉత్సాహం అతిథి వంటిది, అలవాటు ఇంటిమనిషి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2010లో వెలువరించిన అధ్యయనంలో, ప్రతిదినం ఒకే సందర్భంలో చేసిన పని అలవాటుగా కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. నడుమ ఒకనాడు తప్పినంత మాత్రాన అభ్యాసం చెడలేదు.

కనుక విద్యార్థి ఉదయం పళ్ళు తోముకున్న వెంటనే 10 నిమిషాల నడకతో ఆరంభించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 5 నుంచి 17 ఏండ్లవారికి సూచించిన 60 నిమిషాల దినసరి శ్రమను క్రమంగా అందుకోవాలి. తప్పిన మరునాడే తిరిగి కొనసాగించడం నిజమైన శూరత్వం.