ముందు బాట, తర్వాతే బందోబస్తు

1. మా నారాయణఖేడ్‌లో సైకిలు తొక్కేవాడికి రోడ్డు అంచే బాట. వానొస్తే అక్కడ బురద, కోతలప్పుడు ఆరబోసిన సోయా, మక్కలు, బజారులోనైతే తోపుడుబండ్లు, ఆగిన ఆటోలు. వెనకనుంచి హారన్ కొట్టేవాడికి ఇవేవీ కనబడవు, సైకిలే కనబడుతుంది.

2. సైకిళ్లకు విడిగా దారి వేసి, అందులోనే పోవాలని చట్టం చేయాలంటున్నారు కొందరు. చట్టం ఇప్పటిదాకా ఏం చెప్పిందో చూడండి. సైకిలు ట్రాకులోకి మోటారు బండి రావొద్దని 1989 నాటి రోడ్డు నియమాలే చెప్పాయి. నిషేధం బండివాడికి, దాన్ని అమలు చేసినట్టు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. కొత్త నిర్బంధం సైకిలువాడి మీద పెడతారట!

3. ఈ నిర్బంధం ఊరికే మాట కాదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 138(1ఎ) చేరింది. దాని కింద మోటారు లేని బండ్లు, పాదచారులు ఎక్కడ ఎలా తిరగాలో రాష్ట్రాలు రూల్సు పెట్టుకోవచ్చు. అంతకుముందే, 2013లో, కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. కూలీలు, పాలవాళ్లు, పేపరు పిల్లలు ఏ దారిన పోవాలి?

4. మంచి బాటకు నిర్బంధం అక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచారు. నీడ ఉంది, అడ్డం లేదు, జనం వాళ్లంతట వాళ్లే పోతున్నారు. కాకపోతే అది ఎక్కువగా వ్యాయామం చేసేవాళ్ల బాట. పాలక్యాన్లు తగిలించుకొని పొద్దున్నే బయల్దేరేవాడికి అలాంటిది ఎవరూ వేయలేదు.

5. జర్మనీలో 1934 నుంచి సైకిలు బాట వాడకం తప్పనిసరిగా ఉండేది. 1997 సవరణతో దాన్ని నీలం బోర్డు పెట్టిన బాటలకే పరిమితం చేశారు. అన్ని బాటలున్న దేశమే వెనక్కి తగ్గింది.

6. అసలు భయం ఇది. ప్రమాదం కేసుల్లో బాధితుడి తప్పు కూడా ఉందని తేలితే ట్రిబ్యునల్ పరిహారం తగ్గిస్తుంది. బాట తప్పనిసరైతే లారీ కింద పడ్డ సైకిలువాడిని మొదట అడిగేది ‘నువ్వు బాటలో ఎందుకు లేవు?’ అనే. ఆ బాటలో ఆటో ఆగి ఉందని సాక్ష్యం ఎవరు చెబుతారు?

7. మోటారు వాహనాల చట్టం కింద రూల్సు పెట్టాలంటే ముసాయిదా ముందే ప్రచురించాలి. అది వచ్చినప్పుడు అభ్యంతరం రాసి పంపండి. బాట లేనిచోట, ఉన్నా అడ్డున్నచోట, రోడ్డు మీద తొక్కే హక్కు పోకూడదనే ఒక్క వాక్యం చేర్చమని అడగండి.