సంతలో నోటిలెక్క

"ఎక్కాలన్నీ గడగడా అప్పజెప్తుంది అక్కా, లెక్క అడిగితే మాత్రం ఫోను వెతుక్కుంటుంది" అంటుంటారు మీలో చాలామంది. దానికి ట్యూషను అక్కర్లేదు చెల్లీ. పిల్లని మన రంపచోడవరం సంతకి వెంటబెట్టుకెళ్లు.

చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు... అక్కడ ప్రతి బేరమూ ఒక లెక్కే. కిలో 48 రూపాయలైతే రెండున్నర కిలోలకి ఎంత? గుణకారం వెయ్యమంటే తడబడుతుంది. "కిలో 50 అనుకో" అను. రెండున్నరకి 125. కిలోకి రెండేసి రూపాయలు ఎక్కువేశాం కాబట్టి 5 తీసెయ్యాలి. 120! ఈ దారి ఒక్కసారి పట్టుబడితే 49కీ 98కీ తనే లెక్క కట్టేస్తుంది.

కొండ దిగి ఒక తల్లి మోసుకొచ్చిన సరుకుని తూచేది కొనేవాళ్లే, డబ్బు లెక్కగట్టేదీ వాళ్లే. పక్కన నిలబడ్డ ఆడపిల్ల వాళ్లకంటే ముందే మొత్తం చెప్పేసిందనుకో, ఆ తల్లికి ఎంత ధైర్యం! నోటిలెక్కలంటే నాకింత పట్టుదల అందుకే.

నోటిలెక్క నేర్వడానికి చెవి చాలు. కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడిలో నేర్చుకున్నవి ఇంట్లో పైకి చదువుతుంటే విని పట్టేసేవారట. ఆ చెవి చదువుతోనే, సభలో అడిగిన లెక్కలకి నోటితోనే జవాబు చెప్పే గణితావధాని అయ్యారు. పుట్టిన తేదీ చెబితే ఏ వారమో చెప్పేసేవారు. ఆ అక్క గొంతు ఎంత పని చేసిందో చూడు! అందరూ శర్మగారు కాకపోవచ్చు, పైకి చదివే అక్క మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండొచ్చు.

బస్సు కోసం చూస్తున్నప్పుడు ఇది అడుగు: ఒక అంకె తలుచుకో, రెట్టింపు చెయ్యి, 10 కలుపు, సగం చెయ్యి, తలుచుకున్నది తీసెయ్యి. మిగిలింది 5! ఎలాగో వెంటనే చెప్పెయ్యకు. తలుచుకున్నది ఏదైనా చివరికి పోతుందనీ, కలిపిన పదిలో సగమే మిగులుతుందనీ పిల్లే కనిపెట్టాలి. మార్కులకన్నా ఆ కనిపెట్టడమే నాకు ముఖ్యం.

ఇంట్లో అమ్మమ్మ ఉంటే పాత కొలతలు చెప్పించు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే, నోటికి భలే వాటం.

ఈ వారం మీ ఇంటికి నా లెక్క: కుంచెడు బియ్యంలోంచి మూడు తవ్వలు, ఒక సోల తీస్తే మిగిలేవి ఎన్ని సోలలు? పిల్లలు చెప్పేదాకా పెద్దవాళ్లు నోరు విప్పకండి.