తెన్నేటి పార్కు రాళ్ళలో నల్లముళ్ళ జీవి

ప్రశ్న: మా స్కూలు పిల్లల్ని విశాఖ తెన్నేటి పార్కు దగ్గరి రాళ్ళమీదికి తీసుకెళ్ళాం. ఆటు సమయంలో రాతి గుంటల్లో నల్లటి ముళ్ళ ఉండలు కనిపించాయి. అవి ప్రాణమున్నవేనా? ఒకదాన్ని బకెట్లో తెచ్చి ఉప్పునీళ్ళలో పెంచుదామని ఒక పిల్లాడు పట్టుబడుతున్నాడు.
– ఒక టీచరు, అరకులోయ

జవాబు: ప్రాణమున్నవే. వాటిని సీ అర్చిన్లు అంటారు. విశాఖ రాతితీరంలో తరచుగా కనిపించే నల్లముళ్ళ రకం స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్. అలలు ఈడ్చుకుపోకుండా గుంట అంచులకు ముళ్ళు ఆనించి బిగుసుకు కూర్చుంటుంది. బలవంతంగా లాగితే ముళ్ళు విరుగుతాయి గానీ అది మాత్రం బయటికి రాదు.

దీని నోరు అడుగున ఉంటుంది, మలద్వారం నడినెత్తిన. నోట్లో ఐదు పళ్ళు. వాటిని ఆడించే సున్నపు కడ్డీలు, కండరాల అమరికకు అరిస్టాటిల్ లాంతరు అని పేరు. ఆ పళ్ళతో నాచు గీక్కుని తింటుంది. పళ్ళు ఎంత అరిగినా మళ్ళీ పెరుగుతూనే ఉంటాయి. కదలకుండా కాసేపు చూస్తే ముళ్ళ సందుల్లోంచి సన్నటి దారాల్లాంటివి సాగడం కనిపిస్తుంది. అవే నాళికాపాదాలు. లోపలి గొట్టాల్లోని నీటి ఒత్తిడితో సాగుతాయి, కండరం లాగితే ముడుచుకుంటాయి. ఒక్కోదాని చివర రాతిని పట్టుకునే బిళ్ళ ఉంటుంది.

ఇక బకెట్ సంగతి. వద్దండీ. దీని ఒంట్లోని ద్రవం ఉప్పదనం బయటి సముద్రపు నీటితో దాదాపు సమానం. తేడా వస్తే సరిచేసుకునే మూత్రపిండాల్లాంటివి దీనికి లేవు. ఇదే వర్గానికి చెందిన నక్షత్రచేపలతో సహా సుమారు 7,000 జాతులుంటే, మంచినీటిలో బతికేది ఒక్కటీ లేదు. వంట ఉప్పు కలిపినంత మాత్రాన సముద్రపు నీరు తయారవదు. పెంకు కట్టుకోవడానికి కాల్షియం, మెగ్నీషియం కూడా కావాలి. అదీగాక ఘాట్ రోడ్డు ఎక్కేలోపే నీళ్ళు వేడెక్కి, ఆక్సిజన్ తగ్గి అది చచ్చిపోవచ్చు.

ప్రశ్న: ముల్లు గుచ్చుకుంటే విషమా?
– ఒక తల్లి, పాడేరు

జవాబు: ఈ నల్లరకంతో ప్రాణభయం లేదు. కాకపోతే ముల్లు పెళుసు, లోపలే విరుగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు ఉంచి, పైకి కనబడే ముక్కల్ని పట్టకారుతో తీయండి. లోతుగా దిగినదాన్ని సూదితో కెలకొద్దు. కీలు దగ్గర గుచ్చుకున్నా, వాపు పెరిగినా డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం టీకా సంగతి కూడా అడగండి.

ప్రశ్న: బొర్రా గుహలది సున్నపురాయి కదా, అక్కడ సీ అర్చిన్ శిలాజాలు దొరుకుతాయా?
– ఇంటర్ విద్యార్థి, అనంతగిరి

జవాబు: మంచి అనుమానమే, కానీ దొరకవు. సీ అర్చిన్లు భూమ్మీద కనబడి సుమారు 45 కోట్ల ఏళ్ళు. బొర్రా రాయి అంతకు ఎంతో ముందే ఏర్పడి, దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందటే భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారిపోయింది. గుహలో కిందికి వేలాడే సున్నపు స్తంభాల్లోనూ, అర్చిన్ పెంకులోనూ ఉన్నది కాల్సైటే. అయితే ఒకటి చుక్క చుక్కగా కారిన నీరు మిగిల్చింది, రెండోది ఒక జంతువు తన ఒంట్లో కట్టుకున్నది. శిలాజాలే చూడాలంటే తమిళనాడులో అరియలూరు ప్రాంతపు క్రెటేషియస్ శిలల్లో, మధ్యప్రదేశ్‌లో నర్మద లోయలోని బాగ్ శిలల్లో ఉన్నాయి.