పరిశోధన ప్రశ్న ఓపీ కౌంటర్ దగ్గరే ఉంది

షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి రెటీనా మెల్లగా దెబ్బతింటుంది. చూపు మసకబారే దాకా చాలామందికి ఆ సంగతే తెలియదు. కంటి ఫొటో చూసి ఈ జబ్బును కంప్యూటర్ గుర్తుపట్టగలదని గూగుల్ పరిశోధకులు 2016లో జామా వైద్య పత్రికలో చూపించారు. ఆ ప్రోగ్రామ్‌కు నేర్పడానికి వాడిన లక్షా 28 వేలకు పైగా ఫొటోల్లో మన అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రుల నుంచి వెళ్లినవీ ఉన్నాయి. కంటి డాక్టర్లకు దీటుగా అది జబ్బును పసిగట్టింది. ఇది చదివిన ఇంజినీరింగ్ విద్యార్థి డీప్ లెర్నింగ్ కోర్సులో చేరిపోతాడు. చేరవచ్చు, తప్పులేదు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చదవాలి.

అదే సాధనాన్ని థాయిలాండ్ క్లినిక్‌లలో వాడినప్పుడు ఏం జరిగిందో గూగుల్ బృందమే 11 క్లినిక్‌లు తిరిగి చూసి, 2020లో ప్రచురించింది. కంటి ఫొటో సరిగ్గా రావాలంటే గది చీకటిగా ఉండాలి. చాలాచోట్ల అలాంటి గది లేదు. నర్సులు వెలుతురులోనే ఫొటోలు తీశారు. మొదటి ఆరు నెలల్లో పంపిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని సిస్టమ్ సరిగా లేవని తిప్పికొట్టింది. ఫొటో తిరిగొస్తే ఆ మనిషి ఇంకో ఆసుపత్రికి వెళ్లాలి. అంటే కూలి పోతుంది, ప్రయాణ ఖర్చు మీద పడుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఫొటో వెళ్లడానికే ఎదురుచూపులు. ఈ తిప్పలు చూసి కొందరు నర్సులు, ఈ అధ్యయనంలో చేరకపోయినా ఫర్వాలేదని రోగులకు చెప్పేశారు.

మొదటి పరిశోధన ఎంత ముఖ్యమో, రెండోది కూడా అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. హెల్త్ ఐటీలో ఇప్పుడు మనుషులు తక్కువగా ఉన్నది ఈ రెండో పనికే. దానికి కోడింగ్ ఒక్కటే చాలదు, ఆసుపత్రిలో నిలబడి చూసే ఓపిక కావాలి.

ఆ ఓపికను మన దగ్గరే పరీక్షించుకోవచ్చు. ఏదైనా ప్రభుత్వాసుపత్రిలో అనుమతి తీసుకుని, ఉదయం ఓపీ చీటీలు రాసే కౌంటర్ పక్కన గంటసేపు ఉండండి. వెంకటలక్ష్మి అనే ఆవిడ వస్తుంది. ఆపరేటర్ ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు కొడతాడు. పోయినసారి వేరే ఆపరేటర్ 'వెంకట'ను, 'లక్ష్మి'ని విడగొట్టి ఇంటిపేరు ముందు పెట్టాడు. అంతకుముందు ఇంకొకరు ఇంటిపేరుకు పొడి అక్షరమే వేసి, లక్ష్మి చివర ఒక అక్షరం ఎక్కువ కొట్టారు. ఒకే మనిషికి కంప్యూటర్‌లో మూడు రికార్డులు. పాత ఈసీజీ ఒకదాంట్లో, షుగర్ రిపోర్టు మరోదాంట్లో. 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నది ఒక మనిషి రికార్డులన్నీ ఒకచోట కలిసేందుకే. అయితే నంబరు వెంట తెచ్చుకోనివాళ్ల సంగతేమిటి? పాత రికార్డులను ఎలా కలపాలి? తెలుగు పేర్లు ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా మారతాయో తెలిసినవాళ్లే దీన్ని బాగా పరిష్కరించగలరు. బీటెక్ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి అంశం నాకు కనిపించదు.

ఇంకో గంట డాక్టరు గది బయట కూర్చోండి. "వేడి చేసిందమ్మా" అంటారొకరు. నోట్లో పుండ్లకూ, మూత్రంలో మంటకూ, ముక్కులోంచి రక్తం కారడానికీ మనవాళ్లు అనే మాట ఇదే. "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి", "గుండె దడ", "ఒకటే నీరసం". ఇవి విన్న డాక్టరు మనసులో అనువాదం చేసుకుని ఇంగ్లిష్‌లో రాసుకుంటారు. తెలుగు మాట విని లక్షణాలు నమోదు చేసే యాప్ తయారుచేయాలంటే ఆ అనువాదం ముందు దానికి రావాలి. గుంటూరులో అనే మాట, ఆదిలాబాద్‌లో అనే మాట ఒకటి కావు. నర్సింగ్, ఫార్మసీ, తెలుగు, కంప్యూటర్ చదివిన నలుగురు కలిసి చేయాల్సిన పరిశోధన ఇది.

బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అమీర్‌పేటలో నేర్చుకుని ఆ ఉద్యోగంలో చేరి, ఇక ఇంతే అనుకుంటున్నారు. అది తొందరపాటు. డాక్టరు రాసిన వాక్యం ఏ కోడ్ అవుతుందో, ఎక్కడ తప్పు దొర్లుతుందో వాళ్లకు తెలిసినంతగా కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులకు తెలియదు. దానికి తోడు ఎస్‌క్యూఎల్, పైథాన్, కొంత స్టాటిస్టిక్స్, రికార్డుల మార్పిడికి వాడే ఫైర్ ప్రమాణం నేర్చుకుంటే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో దారి తెరుచుకుంటుంది.

డేటా ఎక్కడిదని అడుగుతారు. అమెరికాలోని ఎంఐటీ ఫిజియోనెట్ ద్వారా మిమిక్ అనే డేటాబేస్ ఇస్తోంది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి ఐసీయూ రికార్డులు, పేర్లూ వివరాలూ తీసేసినవి. పరిశోధన నీతిపై ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, ఒప్పందం మీద సంతకం చేస్తే విద్యార్థులకూ రుసుము లేకుండా ఇస్తారు. నేర్చుకోవడానికి ఇది చాలు. అయితే బోస్టన్ ఐసీయూలో తేలినది కర్నూలు వార్డుకు వర్తిస్తుందని రాయకండి.

డేటా ఉన్నంత మాత్రాన నిజం ఉన్నట్టు కాదు. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో లెక్కగట్టే ఒక ప్రోగ్రామ్ జబ్బు తీవ్రతకు బదులు వైద్య ఖర్చును కొలతగా తీసుకుంది. నల్లజాతివారి వైద్యంపై ఖర్చు తక్కువగా జరుగుతుండటంతో, వాళ్లకు జబ్బు తక్కువన్నట్టు తేల్చింది. 2019లో సైన్స్ పత్రికలో ఈ సంగతి బయటపడింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్లెయిముల మీద పనిచేయాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆసుపత్రి దాకా రాలేకపోయినవాళ్లు ఆ లెక్కల్లో ఉండరు.

చదువుల సంగతి. గేట్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ 2020 నుంచి, డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ 2024 నుంచి ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్ బై రీసెర్చ్‌కు పీజీఈఈ రాయాలి. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ అనే స్వల్పకాలిక పరిశోధన అవకాశం ఉంది. అమెరికాలో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు కన్సల్టెన్సీ మాట మీద కాక, అక్కడి అధ్యాపకులు ప్రచురించిన పేపర్లు రెండైనా చదివి యూనివర్సిటీని ఎంచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. రోగి కేస్‌షీట్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోవద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే డేటా ముట్టుకోవాలి. వైద్యంలో ఏఐ వాడకంపై ఐసీఎంఆర్ 2023లో మార్గదర్శకాలిచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. రెండూ చదవండి.

గైడ్ కోసం ప్రొఫెసర్‌కు రాసేటప్పుడు "నాకు ఏఐలో ఆసక్తి ఉంది" అని మొదలుపెట్టకండి. కౌంటర్ దగ్గర మీరు చూసింది ఒక పేజీలో రాయండి: వెంకటలక్ష్మికి మూడు రికార్డులు ఎలా వచ్చాయో, దానివల్ల ఆమెకు ఏ పరీక్ష మళ్లీ చేయాల్సి వచ్చిందో, కలిపే పద్ధతి సరిగ్గా పనిచేస్తుందో లేదో మీరు దేంతో కొలుస్తారో.